ఆరున్నర అడుగుల బాల్కనీ

మాణిక్యం ఏడవలేదు. ఢిల్లీ ఆర్.కె. పురంలో ఆ వరస క్వార్టర్లన్నింటికీ తెలిసిన సంగతే అది. మొగుడు పోయిన రోజు ఏడవలేదు, దినాల నాడూ ఏడవలేదు. ఆ రోజు భోజనానికి వచ్చినవాళ్ళ మధ్య తిరుగుతూ పప్పులో ఉప్పు సరిపోయిందా అని అడిగింది. గుండె రాయి అన్నారు కొందరు. నోరున్నవాళ్ళకేం, ఏమైనా అంటారు. పన్ను పీకే ముందు డాక్టరు సూది వేస్తే దవడ ఎలా ఉంటుంది? వేలు పెట్టి తడిమితే ఉన్నట్టు తెలుస్తుంది గానీ మనది కాదన్నట్టు ఉంటుంది. ఆవిడకు లోపలంతా అలా ఉంది. ఎనిమిది నెలలైనా ఆ మందు దిగలేదు.

లక్ష్మీపతి పోయింది జూలైలో, ఒక ఆదివారం మధ్యాహ్నం. కోడికూర తిని నవారు మంచం మీద నడుం వాల్చాడు. నాలుగింటికి చాయ్ పెట్టి పిలిస్తే లేవలేదు. చాయ్ మీద తెట్టె కట్టింది. మాణిక్యం ఆ తెట్టెను చెంచాతో తీసేసి మళ్ళీ పిలిచింది. అంతే జరిగింది. సర్కారు కొలువు ఇంకా ఏడాదిన్నర మిగిలి ఉండగానే పోయాడు కాబట్టి క్వార్టరులో కొన్నాళ్ళు ఉండనిచ్చారు. ఇప్పుడు మార్చి ఆఖరుకు ఖాళీ చెయ్యమని కాగితం వచ్చింది. ఆ కాగితం వచ్చిన వారంలోనే కొడుకు వరుణ్‌ను కంపెనీవాళ్ళు సాకేత్ ఆఫీసు నుంచి ముంబైకి మార్చారు.

వరుణ్ మంచి పిల్లవాడే. తల్లి ముందు గొంతు పెంచి ఎరగడు. కాకపోతే కష్టమైన మాట చెప్పాల్సి వస్తే జేబులోంచి ఫోను తీసి దానికి చెబుతాడు, పక్కనున్నవాళ్ళు వినాలి. పెళ్ళాం నేహా ఇల్లు వెతకడానికి ముందే ముంబై వెళ్ళింది. అక్కడి నుంచి కబురు వచ్చిన రోజు కూడా అతను ఫోను చూస్తూనే చెప్పాడు.

"అమ్మా, ఇల్లు ఫైనల్ అయింది. వన్ బీహెచ్‌కే. ముగ్గురికి... నలుగురికి ఓకే. హాల్ పక్కన బాల్కనీ ఉంది, అద్దాలు పెట్టి మూసేసిన్రు. అక్కడ నీకు సెట్ చేద్దాం. ఫోల్డింగ్ బెడ్ ఒకటి కొంటే అయిపోతది."

ముందు ముగ్గురని, తరవాత నలుగురని అన్న సంగతి మాణిక్యం విన్నది. విని బియ్యంలో రాళ్ళు ఏరుకుంటూ కూర్చుంది.

"కిరాయి ఎంత?"

చెప్పాడు. మాణిక్యం తల ఊపింది. ఆ అంకె విని మెట్ల మీదే చతికిలబడింది మాత్రం పైవాటాలో ఉండే లక్ష్మీకుమారి. కాకినాడ మనిషి. పక్కింటి సంగతి తన సంగతి కంటే ముందు కనుక్కునే రకం, కానీ జ్వరమొస్తే గంజి పట్టుకొచ్చేదీ ఆవిడే.

"అంత పోస్తే కిటికీలోంచి సముద్రం కనపడుద్దా వదినా?"

"కార్లు నిలబెట్టే జాగ కనిపిస్తదట."

"మరి సముద్రం?"

"నడుచుకుంట పోతె ఇరవై నిమిషాలట."

"ఇరవై నిమిషాలు నడిస్తే ఇక్కడ మునిర్కా వస్తుంది. దానికెవరైనా అద్దె కడుతున్నారా?" అని లక్ష్మీకుమారి కొంగుతో విసురుకుంది. "సముద్రం పక్కన పుట్టినదాన్ని, నా మాట వినండి. ఇనప బీరువా పట్టుకెళ్ళకండి, ఉప్పుగాలికి తుప్పు పట్టేస్తుంది. అప్పడాలు డబ్బాలో దాచినా మెత్తబడిపోతాయి. ఉతికిన బట్ట పూర్తిగా ఆరిందని ఎప్పుడూ అనిపించదు. మనిషీ అంతే, పొద్దస్తమానం జిడ్డు."

"అయితె అక్కడ మంచిగుండేది ఏంది?"

లక్ష్మీకుమారి చాలాసేపు ఆలోచించింది. "చేపలు," అంది చివరికి.

మాణిక్యం చేపలు తినదు.

మర్నాటి నుంచే సామాను చూడటం మొదలుపెట్టింది. లారీ చిన్నదట, వేరేవాళ్ళ సామానుతో కలిపి వెళుతుందట, ముప్పై వస్తువులు దాటకూడదట. ఎవరు ఏం చెప్పినా సరే అంది. రజాయిలు ఐదున్నాయి. ముంబైలో చలి ఉండదని నేహా ఫోనులో నవ్వితే మూడు తీసి పక్కన పెట్టింది. ఎండాకాలం నీళ్ళు పోసి తిప్పే కూలరు ఆ గాలికి పనికిరాదంటే దాన్నీ పక్కన పెట్టింది. లక్ష్మీపతి కోట్లు రెండు పక్కన పెట్టింది. ఒక్కొక్కటీ తీసి పెడుతుంటే చేతులు పని చేశాయి, మనిషి ఎక్కడో ఉంది. ముఖంలో ఏమైనా కనపడుతుందేమోనని లక్ష్మీకుమారి తొంగి చూసి, ఏమీ దొరక్క వెళ్ళిపోయింది.

పక్కన పెట్టనిది ఒక్కటే, నవారు మంచం.

ఆ మంచం మాణిక్యం కంటే ముందు ఢిల్లీకి రాలేదు, వెనక కూడా రాలేదు. ఇద్దరూ ఒకే రైలులో వచ్చారు. సిద్దిపేటలో వడ్రంగి చేసిన టేకు మంచం. కొత్త కాపురానికి బయలుదేరుతూ లక్ష్మీపతి దాని నవారు మొత్తం ఊడదీసి, గుమ్మడికాయంత ఉండ చుట్టి పెళ్ళాం ఒళ్ళో పెట్టాడు. కోళ్ళూ పట్టెలూ తాడుతో కట్టి సామాను డబ్బాలో వేయించాడు. ఒకటిన్నర రోజు ఆ ఉండను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న కొత్త పెళ్ళికూతుర్ని చూసి పెట్టెలో వాళ్ళంతా నవ్వారు. ఆ తరవాత మూడు క్వార్టర్లు మారారు. మూడుసార్లూ అదే పద్ధతి. నవారు ఉండ మాణిక్యం ఒళ్ళో, చట్రం టెంపోలో. పదిహేను రోజులకోసారి వదులైన నవారును కాళ్ళ వైపు నుంచి లాగి బిగించడం ఆవిడ పని. ఆయన పోయాక ఆ మంచం మీద ఆవిడే పడుకుంటోంది. పోయిన మనిషి మంచం ఎవరికైనా ఇచ్చెయ్యాలి వదినా అని లక్ష్మీకుమారి నాలుగుసార్లు చెప్పింది. మాణిక్యం నాలుగుసార్లూ సరేనంది.

సిద్దిపేటలో ఆవిడ తమ్ముడు శశిధర్ ఉన్నాడు. రెండంతస్తుల ఇల్లు కట్టుకున్నాడు. "అక్కా, కింద అర్ర నీదే, ఎప్పుడన్న రా," అని ఆదివారం ఆదివారం ఫోను చేస్తాడు. ప్రస్తుతం ఆ అర్రలో బియ్యం బస్తాలున్నాయని కూడా దాచకుండా చెబుతాడు. వరుణ్ రమ్మంటున్నాడు, తమ్ముడు రమ్మంటున్నాడు. ఎటు పోతావని అడిగితే ఆవిడకు లోపల నుంచి జవాబు రాలేదు. వంకాయ చేయాలా బెండకాయ చేయాలా అన్నా ఈ మధ్య రావడం లేదు. అందుకని ఒకరోజు లక్ష్మీకుమారితో తేల్చి చెప్పేసింది.

"గా బాల్కనీల నవారు మంచం పడితే ముంబైకి పోత. పడకపోతె తమ్మునింటికి పోత."

"అదేం విడ్డూరమండీ! మంచాన్ని అడిగి వెళతారా ఎక్కడికైనా?"

"మరెవర్ని అడగాలె?"

లక్ష్మీకుమారి గోడ మీద లక్ష్మీపతి ఫోటో వైపు చూసి, కొంగు సర్దుకుని మెట్లెక్కింది.

కొలవాలంటే ఆ ఇంట్లో ఒకటే సాధనం. పనిముట్ల డబ్బాలో గుడ్డలో చుట్టి పెట్టిన తోలు చెప్పు, కుడికాలిది. దాని జోడును ఎప్పుడో వీధికుక్క ఎత్తుకుపోయింది. "జోడు పోతె పోయింది, ఇది సరిగ్గ పన్నెండు అంగుళాలు. దుకాణమాయన చెప్పిండు," అని లక్ష్మీపతి మిగిలిన చెప్పును దాచాడు. సంతకం, ముద్ర లేని కాగితాన్ని ముప్పై ఏళ్ళపాటు వెనక్కి పంపిన ఆ మనిషి చెప్పుల దుకాణం వాడి నోటి మాటను మాత్రం వేదంలా నమ్మాడు. పరదాలకు ఆ చెప్పే, పుస్తకాల బల్లకు ఆ చెప్పే, కూలరు స్టాండుకూ ఆ చెప్పే. టేపు కొంటానంటే ఒప్పుకునేవాడు కాదు. టేపు సాగుతుందట, తోలు సాగదట.

నేహా ఫోనులో కొలతలన్నీ చెప్పింది. హాలు పదిహేను అడుగులకు పది. బెడ్రూము పదకొండుకు పది. వంటిల్లు ఎనిమిదికి ఆరు. బాల్కనీ ఆరున్నర పొడవు, మూడున్నర వెడల్పు. ఎనిమిదేళ్ళ మనవరాలు హాసిని అవన్నీ నోటుబుక్కులో రాసుకుంది. హాసినికి తెలుగు అంతా అర్థమవుతుంది, నోటికి మాత్రం హిందీయే ఎక్కువ వస్తుంది.

శనివారం పొద్దున మాణిక్యం క్వార్టరు ముందున్న సిమెంటు జాగా ఊడ్చి, నీళ్ళు చల్లి, అది ఆరాక ముగ్గుపిండి డబ్బా తెచ్చింది. ముక్కు ఆగిన చోట మడమ ఆనిస్తూ చెప్పును జరుపుకుంటూ వెళ్ళింది. వెనకే హాసిని లెక్కపెట్టింది. "తేరహ్, చౌదహ్, పంద్రహ్... బస్, నానమ్మా!" అని పదిహేనుకు ఆపిన చోట మాణిక్యం చుక్క పెట్టింది. చుక్కల మధ్య గీతలు లాగింది. గుమ్మాలున్న చోట వదిలేసింది. పది గంటలకల్లా ముంబై ఇల్లు మొత్తం ఆర్.కె. పురం నేల మీద తెల్లగా పరుచుకుంది.

చూడటానికి నలుగురూ వచ్చారు. లక్ష్మీకుమారి తిన్నగా గీత దాటి నడిచింది.

"గోడలకెళ్ళి వచ్చినవ్. గుమ్మం అటున్నది," అంది మాణిక్యం.

"అయ్యో, అంటే ఇదేంటి, వంటిల్లా? ఇందులో నేను తిరిగితే ఇంకొకళ్ళు ఊపిరి బిగపట్టాలి."

ఎవరింటిదో కుక్క వచ్చి బెడ్రూములో పడుకుంది. "కిరాయి ఇయ్యకుండ పన్నది సూడు," అని మాణిక్యం అంటే అందరూ నవ్వారు. ఆవిడ నవ్వలేదు. హాస్యానికి అనలేదు, కనపడింది అంది.

వరుణ్, గేటు దగ్గరి గార్డు కలిసి మంచం మోసుకొచ్చారు. హాలు గుమ్మంలోంచి పట్టించి, బాల్కనీ గీతల మధ్య దించారు. వెడల్పుకు సరిపోయింది. పొడవుకు చూస్తే కాళ్ళ వైపు కోళ్ళు గీత దాటి బెత్తెడు బయటకు వచ్చాయి. తల వైపు జరిపితే తల వైపు వచ్చాయి. మూలగా పెట్టి చూశారు. అప్పుడు నాలుగు కోళ్ళూ గీత మీదే నిలబడ్డాయి.

అందరూ ఆవిడ వంక చూశారు.

"పడ్తలేదు," అంది మాణిక్యం. లోపల కుక్కరు కూత వేస్తోంది. వెళ్ళి దాన్ని దించింది.

ఆ సాయంత్రం కొడుకుతో సిద్దిపేట టికెట్ తీయమని చెప్పింది. వరుణ్ ఫోనులోంచి తల ఎత్తలేదు. "పక్కానా అమ్మా? నువ్వు వస్తే హాసినికి కూడా బాగుండు..." అన్నాడు, కానీ వేళ్ళు అప్పటికే టికెట్లు వెతుకుతున్నాయి. అతణ్ణి తప్పు పట్టడానికేమీ లేదు. ఆ బాల్కనీలో తల్లి ఎలా ఇరుక్కుంటుందో తలుచుకుని అతనికీ నిద్ర లేదు. ఇప్పుడు తల్లే నిర్ణయించేసింది, అతను నిర్ణయించలేదు. ఆ తేడా కొడుకులకు చాలా పెద్దది.

మార్చి ముప్పైకి టికెట్ దొరికింది. కింది బెర్తు.

మంచాన్ని సోమవారం కమలేశ్‌కు ఇచ్చేసింది. కమలేశ్ వెనక గల్లీలో వేపచెట్టు కింద బొగ్గుల ఇస్త్రీ పెట్టెతో బట్టలు ఇస్త్రీ చేసే ఆడమనిషి. ఇస్త్రీ చేసే బల్లకు మూడు కాళ్ళే, నాలుగోది ఇటుకలు. "మాతాజీ, యే తో రాజావాలా పలంగ్ హై!" అని కమలేశ్ మంచాన్ని చేత్తో తడిమి మరీ పట్టుకెళ్ళింది. ఆ రోజు మాణిక్యం చాప పరుచుకుని పడుకుంది. నేల గట్టిగా ఉంది. అంతకుమించి ఏమీ అనిపించలేదు.

గీసిన ఇల్లు మూడు రోజులు ఉంది. స్కూటర్లు హాలు మీదుగా వెళ్ళాయి, పిల్లలు వంటింట్లో క్రికెట్ ఆడారు. నాలుగో రోజుకు బాల్కనీ ఒక్కటే మిగిలింది, అది గోడవారన ఉంది గనక.

హాసిని పరీక్షలు అయిపోయిన మర్నాడు నేహా ఫోను చేసింది. అక్కడి కిటికీలు ఎత్తుగా ఉన్నాయట, పరదాలు కొనాలంటే మండిపోతున్నాయట, ఇంట్లో ఉన్నవి తెమ్మంది. "మమ్మీజీ, వాటి కింద మడత చాలా ఉంది కదా, విప్పేస్తే సరిపోతాయి," అని తనకొచ్చిన తెలుగులో చెప్పింది. కోడలు ఇంట్లో తిరిగిన పదేళ్ళలో పరదాల మడత చూసుకుంది. తెలివైన పిల్లే.

మాణిక్యం పరదాలన్నీ దించి, నేల మీద కాళ్ళు చాపుకుని, బ్లేడుతో కుట్లు విప్పడం మొదలుపెట్టింది. హాసిని పక్కన కూర్చుని దారాలు లాగుతోంది. ఒక్కో పరదాకూ మడత జానకు కాస్త తక్కువ ఉంది. అన్నీ మాణిక్యం చేత్తో వేసిన కుట్లే.

"నానమ్మా, ఇత్నా క్యూఁ మోడా? ఇంత పెద్దది ఎవరు కొన్నరు?"

"కొనుడు గాదు బిడ్డా. దర్జీ పొడుగు కుట్టి తెచ్చిండు. మీ తాత మస్తు ఖుషీ అయ్యెటోడు. దర్జీలందరు గుడ్డ మింగుతరు, మనోడు చూడు, జానెడు ఎక్కువ పెట్టిండు అనెటోడు."

హాసిని ఇంకో పరదా ఎత్తింది. పువ్వులది, పాత క్వార్టరు నాటిది. దాని కిందా అంతే మడత. పెట్టెలోంచి నీలం పరదా తీసింది, అది ఇంకా పాతది. దాని కిందా అంతే.

"హర్ బార్?" అంది పిల్ల.

మాణిక్యం చేతిలో బ్లేడు ఆగింది.

ప్రతిసారీ. దర్జీలు మారారు. ఒకడు నేతాజీ నగర్‌లో, ఒకడు సరోజినీ నగర్ మార్కెట్టులో, ఒకడు ఇక్కడే. ముగ్గురూ చెప్పుకుని ఎక్కువ పెట్టారా? పుస్తకాల బల్ల గూట్లో దూరకపోతే వడ్రంగి చివర కోశాడు. కూలరు స్టాండు కిటికీ కంటే ఎత్తు వస్తే కింద కాళ్ళు కోయించారు. బల్ల కోశారు, స్టాండు కోశారు, పరదాలు మడిచారు. ముప్పై మూడేళ్ళలో ఆ ఇంట్లోకి తక్కువ వచ్చిన వస్తువు ఒక్కటీ లేదు.

"నీ స్కేలు తే," అంది.

హాసిని బళ్ళో వాడే అడుగు పొడవు ప్లాస్టిక్ స్కేలు తెచ్చింది. పనిముట్ల డబ్బాలోంచి చెప్పు తీసి, మడమ నుంచి ముక్కు దాకా ఆనించి, ఒక కన్ను మూసి చూసింది. మళ్ళీ ఆనించింది.

"గ్యారహ్. నానమ్మా, బారహ్ నహీ హై. గలత్ హై. గ్యారహ్."

పదకొండు.

మాణిక్యం లేచి నిలబడింది. ఒళ్ళో ఉన్న పరదా జారి పాదాల మీద పడింది. ఫోటో ముందుకు వెళ్ళి, చెప్పు చేతిలో అలాగే పట్టుకుని, జూలై నుంచి ఆ ఇంట్లో ఎవరూ వినని గొంతుతో అంది:

"కుట్టుకుంట కుట్టుకుంట నా కండ్లు పోయినయ్ గదయ్యా! ఒక్క అంగుళం! పది రూపాయల టేపు కొంటె నీ సొమ్మేం పోయేది? తోలు సాగదట! నువ్వు పన్నెండంటె పన్నెండే అని మొన్న మంచం గూడ ఇచ్చేసిన! టికెట్ గూడ తీసిన! ఎవన్ని అడిగి చెప్పినవయ్యా పన్నెండని?"

హాసిని గోడకు ఆనుకుపోయింది. పై మెట్ల మీద అడుగుల చప్పుడు వినపడి, తలుపు దాకా వచ్చి ఆగింది. లక్ష్మీకుమారి అంతటి మనిషి కూడా లోపలికి రాలేదు.

మాణిక్యం చెప్పును బల్ల మీద పెట్టింది. ముక్కు చీదుకుంది. మళ్ళీ మామూలు గొంతు వచ్చేసింది. "మీ అమ్మకు ఫోను చెయ్యి. టేపు పెట్టి బాల్కనీ కొలవమను. అడుగులు వద్దు, అంగుళాలల్ల చెప్పమను."

నేహా టేపు లాగుతున్న చప్పుడు ఫోనులో వినపడింది. డెబ్భై ఎనిమిది. రెండోసారి కొలిపించింది. డెబ్భై ఎనిమిదే.

ఇక మంచం కొలవాలి. మంచం వేపచెట్టు కింద ఉంది. ఇద్దరూ చెప్పులేసుకుని బయలుదేరారు, హాసిని చేతిలో స్కేలు.

కమలేశ్ మంచం మీద ప్లైవుడ్ పలక వేసి, దాని మీద దుప్పటి పరిచి ఇస్త్రీ చేస్తోంది. మంచం కింద చోటంతా బట్టల మూటలు. మూడు కాళ్ళ పాత బల్లను అప్పుడే విరిచి పొయ్యిలోకి పక్కన పేర్చింది. హాసిని మోకాళ్ళ మీద కూర్చుని పట్టె పొడవునా స్కేలు జరుపుతుంటే కమలేశ్ ఇస్త్రీ పెట్టె పక్కన దించింది.

"క్యా హువా మాతాజీ? వాపస్ చాహియే క్యా?"

"నై నై. ఐసీచ్ దేఖ్నే కో ఆయీ," ఊరికే చూసిపోదామని వచ్చానంది మాణిక్యం. ముప్పై మూడేళ్ళు ఢిల్లీలో ఉన్నా ఆవిడ హిందీ సిద్దిపేట బస్టాండు దాటి రాలేదు.

"ఆరు స్కేళ్ళు, తీన్ ఇంచ్," అంది హాసిని. నోటుబుక్కు అక్కర్లేకుండా వేళ్ళ మీద లెక్క కట్టింది. "పచ్‌హత్తర్. నానమ్మా, తీన్ ఇంచ్ బచేగా!"

డెబ్భై ఐదు. మూడంగుళాలు మిగులుతుంది. బెత్తెడు. మొన్న బయటకు వచ్చినంతే.

మాణిక్యం మంచం అంచున కూర్చుంది. పక్కన అప్పుడే ఇస్త్రీ అయిన ఎవరివో చొక్కాల దొంతర వెచ్చగా తొడకు తగిలింది. తిరిగి ఇవ్వమంటే కమలేశ్ ఇచ్చేస్తుంది. పలక నేల మీద వేసుకుని, వంగి, రోజంతా అలాగే ఇస్త్రీ చేస్తుంది. మాణిక్యం పొయ్యి పక్కన విరిచి పెట్టిన బల్ల కాళ్ళు చూసింది. అడగడానికి నోరు రాలేదు. అడగకుండా లేవడానికి కాళ్ళు రాలేదు. అలా ఎంతసేపు కూర్చుందో, కమలేశ్ రెండు పంజాబీ డ్రెస్సులు పూర్తి చేసింది.

చెయ్యి ఊరికే ఉండదు కదా. పలక కింద వేళ్ళు పెట్టి నవారు తడిమింది. వదులుగా ఉంది. ఒకచోట గరుగ్గా తగిలింది. వంగి చూస్తే నిప్పు రవ్వ పడి రూపాయి బిళ్ళంత మాడింది.

కమలేశ్ నాలుక కరుచుకుంది. తన తప్పేమీ లేదంది. పలక వేశాక ఈ పట్టీతో పనే లేదంది. కింద వేలాడుతూ ఏ రోజు అంటుకుంటుందోనని భయంగా ఉంది, మొగుడొచ్చాక కోసి పారేయిద్దామనుకుంటున్నానంది.

"కొయ్యకు!" అని తెలుగులోనే అరిచింది మాణిక్యం. కమలేశ్‌కు అర్థమైంది.

బట్టలు పక్కకు దించి, పలక ఎత్తి, మంచాన్ని ఎండలో బోర్లించారు. ఆఖరి ముడి కాళ్ళ వైపు పట్టె కింద ఉంటుంది. దాన్ని తడిపి బిగించింది ఆవిడే కాబట్టి ఆవిడ గోళ్ళకే లొంగింది. అక్కడి నుంచి అడ్డపట్టీలు ఒక్కొక్కటీ కిందికీ పైకీ లాగుతూ ఊడదీసింది. హాసిని అవతల చివర పట్టుకుని మంచం చుట్టూ పరుగెత్తింది. నిలువుపట్టీలు వచ్చేసరికి ఎండ గోడ ఎక్కింది. ఇస్త్రీకి ఇచ్చిన బట్టలు ఇంకా కాలేదేమని అడగడానికి వచ్చిన ఇద్దరు ఆడవాళ్ళు కూడా తలో చివర పట్టుకున్నారు. మాణిక్యం ఉండ చుట్టింది. మాడిన చోటు వచ్చినప్పుడు ఒక్క క్షణం ఆగి, దాన్నీ కలిపి చుట్టేసింది.

చట్రం నాలుగు కోళ్ళ మీద ఖాళీగా నిలబడింది. కమలేశ్ దాని మీద పలక వేసి, గట్టిగా ఊపి చూసి, ఇస్త్రీ పెట్టె అందుకుంది.

వరుణ్ ఆఫీసు నుంచి వచ్చేసరికి తల్లి ముందుగదిలో కూర్చుని ఉంది. ఒళ్ళో గుమ్మడికాయంత నవారు ఉండ.

"సిద్దిపేట టికెట్ క్యాన్సిల్ చెయ్ రా."

అలవాటుగా అతని చెయ్యి జేబులోకి వెళ్ళింది. "ఏమైందమ్మా? మామ ఏమన్న అన్నడా?"

"మీ నాయిన కొలత తప్పు. మూడంగుళాలు మిగుల్తది."

"ఏం మిగుల్తది?"

"నేను ముంబైకి వస్తున్న."

వరుణ్ జేబులోంచి చెయ్యి తీశాడు. ఫోను బయటకు రాలేదు. తల్లి ముఖంలోకి చూశాడు, చాలా రోజులకు. "మంచం ఇచ్చేసినవ్ గదా?"

"అక్కడ వడ్రంగి ఉండడా? అంత కిరాయి తీసుకునే ఊర్ల నాలుగు కోళ్ళు, నాలుగు పట్టెలు చేసే మొగోడు లేడా? ఆరడుగుల మూడంగుళాలని నేహకు చెప్పు. టేపుతోటి."

వరుణ్ బల్ల మీది సామాను జాబితా అందుకున్నాడు. ముప్పై వరసలూ నిండి ఉన్నాయి. కింద ఖాళీ చోట పెన్ను ఆనించి, "దీన్ని ఏమని రాయాలె? లారీవాళ్ళకు అర్థం కావాలె గదా," అన్నాడు.

"రాయొద్దు. లారీల ఎందుకు వేస్త? ఒళ్ళో పెట్టుకుంట."

హాసిని తోలు చెప్పు పట్టుకుని నిలబడి ఉంది. "నానమ్మా, ఇది ఫేంక్ దూఁ?"

పారేసే సామాను గుమ్మం పక్కన గుట్టగా ఉంది. మాణిక్యం అటు చూసింది, చెప్పు వైపు చూసింది.

"పెన్ను తే. దాని మీద పదకొండు అని రాయి," అంది. "పెద్దగ రాయి."